చాలు అనకూడని ఇల్లు

ఆ బస్సు డ్రైవరుగారికి ఉన్నవి రెండే పిచ్చులు. ఒకటి బస్సు, రెండోది కూతురి పరుగు. డిపోలో అందరూ ఆ పిల్లని జింక అనేవారు. ఆ మాట చెవిన పడితే చాలు, ఆయన ఉబ్బి తబ్బిబ్బయ్యేవాడు.

ఆయన ఇంట్లో ఒక మాట మీద నిషేధం ఉండేది. ఆ మాట 'చాలు'. దూరాలు పరిగెత్తేవాళ్ల నోట అది రాకూడదట! పొద్దున్నే ఖాళీ కడుపుతో పిల్లని మైదానం చుట్టూ తిప్పేవాడు. రాత్రికి రెండంటే రెండే ముద్దలు పెట్టించేవాడు.

"ఒళ్లు తేలిగ్గా ఉంటే కాళ్లు ఆగమన్నా ఆగవు తల్లీ."

ఈ శాస్త్రం ఆయనకి ఎవరు చెప్పారయ్యా అంటే, ఆయనకి ఆయనే చెప్పుకున్నాడు. "పిల్ల నీరసపడిపోతోందండీ, ఈ పూటకి వదిలేయండి" అని భార్య మొత్తుకుంటే, "నీరసమూ లేదు గీరసమూ లేదు, బద్ధకం. నువ్వు వెనకేసుకు రాకు" అని నోరు మూయించేవాడు.

పరుగు పోటీ దగ్గరపడ్డాక ఒక్కరోజు సెలవివ్వలేదు. పిల్ల మెట్లెక్కాలన్నా గోడ పట్టుకునేది. అదీ చూశాడు మహానుభావుడు. చూసి, "నటించకు" అన్నాడు.

పోటీలో పిల్ల మొదట అందరికంటే ముందుంది. సగం దాటాక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టింది. ఆయన కంచె ఇవతల నుంచి "ఇంకా! ఇంకా!" అని గొంతు చించుకున్నాడు. పిల్ల ఆయన వైపొకసారి చూసి, వేగం పెంచబోయి బొక్కబోర్లా పడింది.

"తిన్నదాంట్లోంచి కొంత చక్కెరని కండలు దాచుకుంటాయండీ" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. "ఎక్కువ దూరం పరిగెడితే ఖర్చయ్యేది అదే. అది అడుగంటితే ఎంత పౌరుషమున్నా కాళ్లు కదలవు. మళ్లీ నిండాలంటే సరిపడా తిండి కావాలి, ఒకటి రెండు రోజులు విశ్రాంతి కావాలి. మీరు నిండనివ్వకుండానే తోడేస్తూ వచ్చారు. కోలుకుంటుంది లెండి. కానీ ఇకమీద అలసిపోతే పిల్ల నోరు తెరిచి చెప్పాలి. చెప్పలేదంటే పరుగు మాట మర్చిపోండి."

ఆయనకి డిపోలో సంగతి గుర్తొచ్చింది. ట్యాంకు ఎండగొట్టాడని మొన్ననే ఒక కొత్త డ్రైవర్ని డిపో అంతా వినేలా తిట్టాడు. "లైన్లోకి గాలి చేరుతుందిరా! తర్వాత నిండా డీజిల్ పోసినా బండి వెంటనే లేవదు!" ఇనుము మీద ఉన్నపాటి జాలి కడుపున పుట్టినదాని మీద లేకపోయింది. ఛీ, నేనూ ఒక తండ్రినేనా అనుకున్నాడు. బస్సులో డీజిల్ ఎంతుందో చెప్పడానికి ముల్లుంటుంది. పిల్లకైతే నోరుంది. దాన్ని ఆయనే నొక్కేశాడు.

ఇంటికి తీసుకొచ్చిన రోజు వడ్డన తనే చేస్తానన్నాడు. భార్య గరిటె ఆయన చేతికిచ్చింది. ఆయన అన్నం పెట్టాడు, పిల్ల తింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ తింది. ఇన్నాళ్ల ఆకలి కదా అని ఇంకా ఇంకా పెడుతూనే ఉన్నాడు. కాసేపటికి పిల్ల ముద్ద మింగలేక గుటకలు వేయసాగింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా కంచంలోంచి చెయ్యి తీయలేదు.

ఈసారి ఆయన అది చూశాడు. గరిటె కింద పెట్టేశాడు.

"చాలు అను తల్లీ. ఒక్కసారి అను."

పిల్ల వాళ్లమ్మ వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది.

"అంటే తిట్టవు కదా నాన్నా?"