మేయర్ సాబ్ శాలువా

మా గల్లీల ఎవరన్న పోతే, ఆ ఇంటి ఏడుపు పక్కింటికి ఇనబడకముందే మేయర్ సాబ్ వచ్చి నిలవడేటోడు. చంకల పేపర్ల చుట్టిన శాలువా, చేతిల కట్టె. ఎవరు చెప్పిన్రో, ఎట్ల తెలిసిందో ఆ దేవునికే ఎరుక. నాచారంల పెరిగిన నాకు దయ్యాల భయం లేకుండె గని, ఆ కట్టె సప్పుడంటే మాత్రం పానం జల్లుమనేది.

ఆయన ఎప్పుడో, నేను పుట్టకముందు, ఒక ఏడాది పట్నానికి మేయర్‌గ జేసిండట. పదవి పోయింది గని పిలుపు పోలే. ఇల్లు మా గల్లీ మొదట్లనే. ముసలోడైనా ఊకునే మనిషి గాదు. వీధి లైటు వెలగకున్నా, నల్లల మురుగు నీళ్లొచ్చినా, ఉప్పల్ బస్సు మా స్టాపుల ఆపకున్నా ఆఫీసుల పొంటి తానే తిరిగేటోడు. పని అయ్యేదాక ఆడనే కుర్సీల కూసుంటే, ఈయన పోరు పడలేమని ఇంజినీర్లు జేసిపెట్టేటోళ్లు. నేను ఒక్క ముక్క గూడ పెంచి చెప్తలేను. ఇయ్యాల మా గల్లీల నల్ల తిప్పితే నీళ్లొస్తున్నయంటే అది ఆయన పుణ్యమే.

సభలల్ల, పెండ్లిండ్లల్ల, బడి పండుగలల్ల అందరు ఆయనకు శాలువాలు కప్పుతుండిరి. బీరువా నిండ అవే. "బతికినోళ్లు నాకు కప్పుతున్రు, నేను పోయినోళ్లకు కప్పుత. నాకెందుకివి?" అనేటోడు. ఫ్యాక్టరీ పనికని జిల్లాల నుంచి వచ్చి, ఇక్కడ సుట్టం పక్కం లేకుండ పానం ఇడిసిన కూలోనికైనా సరే, జరీ అంచు శాలువా కప్పి, తలకాడ కూసుండి, శవం లేపేదాక లేవకపోయేటోడు.

మంచి పనే. ఎవరు గాదన్నరు? కానీ ఆ మనిషిని చూస్తే గల్లీకి గల్లీ తలుపులేసుకునేది. ఆయన కట్టె ఎవరింటి ముందర జర ఆగినా సాలు, ఆడోళ్లు తడి చేతులు తుడుసుకుంట బయటికొచ్చి, "అందరం మంచిగున్నం సాబ్" అని అడగకముందే చెప్పేటోళ్లు. మా ఎదురింటి ముసలమ్మైతే ఆయన పలకరించిన దినం అన్నం ముట్టకపోయేది.

ఒక ఎండకాలం మా నాయినకు కామెర్లైనయి. నాచారంల అట్టడబ్బాల కంపెనీల పని ఆయనది. ముందుగాల పసరు మందు తాగిండు, తగ్గలే. దవాఖానల కొన్నొద్దులు ఉంచుకొని, "ఇంటికి తీస్కపోన్రి" అన్నరు. ఆ మాటకు అర్థమేందో అందరికి ఎరుకే. ముందర్రూముల మంచమేసి పండబెట్టినం. కండ్లు పచ్చగైనయి, పిలిస్తే పలుకుతలేడు. అమ్మ ఏడుస్తలేదు. ఏడిస్తే నిజమైతదని అనుకున్నదో ఏమో, ఊకె ఆయన పాదాలు రుద్దుతున్నది.

పగటీలి కరెంట్ పోయింది. మా ఫ్యాన్ ఆగింది, ఎదురింట్ల మిక్సీ ఆగింది, గల్లీల టీవీలన్ని ఒక్కసారే మూగవోయినయి. గప్పుడు కట్టె ఇనబడ్డది. టక్. టక్. దూరంకెల్లి వచ్చి, మా గేటు కాడ ఆగింది.

అమ్మ లేసి ఉరికింది. గేటుకు గొళ్లెం పెట్టి, దాన్ని రెండు చేతులతోటి పట్టుకొని నిలవడ్డది.

"ఇంకున్నడు సాబ్," అన్నది.

"ఎరుకేనమ్మా. ఒక్కసారి చూసి పోత."

"మీరు చూస్తే పోతడు. నా పసుపు కుంకుమ నాకు ఉండనియ్యున్రి సాబ్. మీ కాళ్లు మొక్కుత, ఎల్లిపోన్రి."

 ఆయన ఎల్లలే. చంకల పేపరు మూట పెట్టుకొని, ఆ మండుటెండల గేటవతల అట్లనే ఉన్నడు. ఇవతల అమ్మ. నేను కిటికిలకెల్లి చూస్తున్న. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత వయసొచ్చింది, పెద్దమనిషివి, ఒక ఆడమనిషి కాళ్లు మొక్కుతనంటే కదలవా అని మనసులనే తిట్టిన. గోడ నీడ ఆయన చెప్పుల కాడికొచ్చేదాక కదలలే. ఆఖరుకు ఆ మూటను గేటు దిమ్మె మీద పెట్టి, కట్టె కొట్టుకుంట పోయిండు. ఆయన గల్లీ మలుపు తిరిగినంక కరెంట్ వచ్చింది.

తెల్లారి నాయిన కండ్లు తెరిసి నీళ్లడిగిండు. అమ్మ గ్లాసు నోటికి అందిస్తుంటే, "ఏమే, నిన్న గేటు కాడ ఎవరో నిలవడ్డరు. లోపలికి పిలువకపోయినవ్?" అన్నడు.

"ఎవ్వరు లేరు."

"ఉండె. వాళ్లు లోపలికొస్తే ఎంబడి పోదామని నేను చెప్పులు దేవులాడుతుంటి."

అమ్మ గ్లాసు కింద పెట్టి, ఆయన చెప్పులు మంచం కిందికి నూకింది. 

దిమ్మె మీది మూటను మాత్రం ఎవ్వరు ముట్టలే. పారేద్దామంటే నాయిన పానం పారేసినట్టైతదని అమ్మకు భయం. లోపలికి తెద్దామంటే అంతకన్న భయం. రెండు వానలకు నానింది, మళ్ల ఎండింది. చెత్త ఏరేటోడు గూడ దాన్ని తప్పించుకొని పోయేటోడు. నాయిన లేసి తిరుగుడు మొదలువెట్టినంక తానే పోయి తెచ్చిండు. అమ్మ మొత్తుకుంటనే ఉన్నది, ఆయన భుజాల మీద ఏసుకొని అద్దంల చూసుకున్నడు.

"మస్తున్నదే! జర పొడుగైతున్నది, గంతే."

అంచుకు పేపరు సిరా నల్ల మరక అంటింది. మడతపెట్టి బీరువా మీద పెట్టిండు. అమ్మ ఆ బీరువా దులుపుడే మానేసింది.

మా కాలనీని పట్నం గ్రేటర్ కార్పొరేషన్‌ల కలిపినంక కొన్నేండ్లకు కాలనీ పెద్దలు మేయర్ సాబ్‌కు సన్మానం పెట్టిన్రు, ఉప్పల్ రోడ్డు మీద ఫంక్షన్ హాల్ల. మైకు పట్టినోళ్లందరు ఆయన సేవ గురించే. నల్లలు, లైట్లు, బస్సు, శ్మశానానికి గోడ. ఒక్కడన్న మా సావులకు వచ్చిండని అన్లే. హాలంత అదే మనసుల పెట్టుకొని కూసున్నది, నోటికి మాత్రం ఎవ్వరు తేలే. ఆయన స్టేజి మీద తల వంచుకొని, కట్టె మీద గదువ ఆనించి ఇంటున్నడు.

ఆఖరుకు మా నాయిన లేసిండు, చంకల పేపరు మూటతోటి. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగ గిచ్చిందో! నాయిన స్టేజెక్కి, ఆ శాలువానే తీసి ఆయన భుజాల మీద కప్పిండు. మేయర్ సాబ్ వేళ్లు అంచు మీద పోయి, ఆ నల్ల మరక కాడ ఆగినయి.

"ఇది నీదే గదా," అన్నడు.

"ఇప్పుడు నాకు అక్కెర లేదు సాబ్. మీ తాన ఉండనియ్యున్రి. అక్కెరొచ్చినప్పుడు తెద్దురు గాని."

ఎనక కుర్సీలోళ్లు నవ్విన్రు. ముందటోళ్లు నవ్వలే. మేయర్ సాబ్ నాయిన చెయ్యి పట్టుకొని, "తెస్త" అన్నడు. చప్పట్లు కొట్టాల్నా వద్దా అని హాలంత ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు.

రాష్ట్రం వచ్చే ముందటి చలికాలం, పొద్దుగాల చాయ్ తాగుకుంటనే నాయిన కుర్సీల ఒరిగిపోయిండు. ఈసారి దవాఖానకు తీస్కపోయే యాళ్ల గూడ ఇయ్యలే. మల్కాజిగిరి నుంచి మేనత్త వచ్చింది, కంపెనీ దోస్తులొచ్చిన్రు, పాడె కట్టిన్రు. లేపుదామంటే అమ్మ లేపనియ్యలే.

"మేయర్ సాబ్ రాలే."

"ఆయన మంచంల వడి ఎన్నొద్దులాయె వదినె. కబురు గూడ పోలే," అన్నది మేనత్త.

"ఆయనకు కబురు పోంగ నువ్వెప్పుడన్న చూసినవా?"

 ఆ గేటుకు గొళ్లెం పెట్టిన అమ్మే గేటు రెక్కలు రెండు తెరిసి, గల్లీ దిక్కు చూసుకుంట కూసున్నది.  ఆయన రాకుంటే నాయిన పోయినట్టే గాదని ఆమెకు ఒక ఆశ ఉన్నదేమోనని అనిపించి దుక్కం ఆగలే.

ఆటో వచ్చింది. మేయర్ సాబ్‌ను ఇద్దరు పట్టుకొని దించిన్రు. చంకల అదే శాలువా.

"ఆలస్యమైందమ్మా."

"రాన్రి సాబ్. మీ కోసమే ఆపిన."

ఆయన వంగలేకపోయిండు. ఒక కొస ఆయన పట్టుకున్నడు, ఒక కొస అమ్మ. ఇద్దరు కలిసి నాయినకు కప్పిన్రు. పొడుగైతున్నదని నాయిన అన్న శాలువా పాదాల దాక సరిగ్గ వచ్చింది.

పోయేటప్పుడు ఆయన ఆటోల కూసున్నంక అమ్మ దగ్గరికి పోయింది. "మీ వంతు గురించి ఫికర్ జెయ్యకున్రి సాబ్. నేనొస్త."

"కబురు జేపిస్తనమ్మా."

"కబురెందుకు?" అన్నది అమ్మ.

చలి పోయి ఎండలు ముదిరినయి. ఒక పగటీలి నేను బట్టలు ఆరేస్తున్న, అమ్మ కొత్త శాలువా ఒకటి పేపర్ల చుడుతున్నది. లాలాపేట బజారుకు పోయి ఎప్పుడు కొన్నదో నాకు ఎర్కనే లేదు. నాయిన పోయి ఇంకా ఏడాది గాలే, ఏడాది దాక గడప దాటొద్దని మేనత్త చెప్పే పోయింది.

"గిప్పుడు యాడికే అమ్మా?"

"జర మేయర్ సాబ్ ఇంటిదాక," అని చెప్పులేసుకున్నది.

గల్లీల ఇంకా ఏ ఇంట్లకెల్లి ఏడుపు ఇనబడలే.