తలకిందుల తలుపు

టైలరమ్మ దుకాణం తలుపుకి గొళ్ళెం మోకాలి దగ్గర ఉండేది. రోడ్డు మీది దుమ్ము గుడ్డల మీద పడుతుందని ఆవిడ ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంచేది. కాబట్టి ఎంతటి పెద్దమనిషైనా సరే, జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన హెడ్‌మిస్ట్రెస్ అయినా సరే, గుమ్మంలో నడుం వంచి గొళ్ళెం పట్టుకుని లాగితేనే లోపలికి ప్రవేశం.

అదంతా ఆవిడ అన్నయ్య చలవ. ఆయన సైన్యంలో ఉండేవాడు. మనిషి బంగారం, చేతులే ఆయన మాట వినేవి కావు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి బాగుచేసేవాడు. ఆయన బాగుచేసిన గడియారం ఆ తరవాత మరి తిరగలేదు. చెల్లెలు దుకాణం పెడుతోందనగానే, లోపలా బయటా గొళ్ళేలున్న పాత తలుపొకటి ఎక్కడి నుంచో మోసుకొచ్చి, వడ్రంగిని పిలవనివ్వకుండా తనే బిగించాడు. చెమట తుడుచుకుని వెనక్కి జరిగి చూస్తే తలుపు తలకిందులుగా ఉంది. అప్పటికే రైలు టైమైపోయింది.

"వచ్చే సెలవులో నేనే తిప్పేస్తా. అందాకా ఎవ్వరిచేతా ముట్టించకు, నా పరువు పోతుంది," అన్నాడు.

ఆ సెలవు రాలేదు, యుద్ధం వచ్చింది. ఆయన పోయాడన్న కబురు తెచ్చిన మనిషి కూడా ఆ గొళ్ళెం కోసం వంగాల్సి వచ్చింది. టైలరమ్మ కొన్నాళ్ళు మిషను జోలికి పోలేదు. తరవాత మళ్ళీ తొక్కింది, పెళ్ళి చేసుకుంది, పిల్లని కంది. తలుపుని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తిప్పిస్తే అన్నయ్య ఇక రాడని తనే ఒప్పుకున్నట్టవుతుందని ఆవిడ భయం. ఆ మాట బయటికి చెప్పకుండా, "మీ మామయ్య తిప్పుతానన్నాడుగా," అని కూతురి నోరు మూయించేది.

మోకాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు ఊరుకుంటాయి? ఒకరోజు గొళ్ళెం పెట్టడానికి వంగిన టైలరమ్మ లేవలేక అక్కడే చతికిలబడింది. కూతురొచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, మామయ్య ఇప్పుడొచ్చి నిన్నిలా చూస్తే ఏమంటాడు?"

టైలరమ్మ ఆలోచించింది. "ఏమంటాడు, పడీపడీ నవ్వుతాడు. ఇన్నేళ్ళూ వంగుతూనే ఉన్నావుటే పిచ్చిమొహమా, అంటాడు." అంటూ అంటూ తనే నవ్వేసింది.

మర్నాడు వడ్రంగి వచ్చాడు. బందులు ఊడదీసి, తలుపు అంచు చూసి, ఆవిణ్ణి పిలిచాడు. ఇన్నాళ్ళూ బందుల వెనక దాగిన చోట లావుపాటి పెన్సిలుతో ఒక బాణం గుర్తు, పక్కన 'ఇది పైకి' అన్న మాట. బాణం నేలని చూస్తోంది.

"పొరపాటు జరక్కూడదని ఆయన ముందే గుర్తు పెట్టుకున్నాడన్నమాట," అన్నాడు వడ్రంగి, నవ్వు బిగబట్టుకుని. టైలరమ్మ బిగబట్టుకోలేదు. పక్క దుకాణాల వాళ్ళు పరిగెత్తుకొచ్చేంతగా నవ్వింది. నవ్వుతూనే కాసేపు ఏడ్చింది కూడా. వడ్రంగి అంచు నునుపు చేస్తానంటే, గుర్తు మీద చెయ్యి వేసి అక్కర్లేదంది.

సాయంత్రం దుకాణం కట్టేస్తూ అలవాటు చొప్పున వంగింది. చేతికి ఉత్త చెక్క తగిలింది. తలుపు పట్టుకుని మెల్లగా లేచింది.

"తిప్పించేశాను అన్నయ్యా," అంది. "పరువంటావా, వీధంతా నవ్వింది. ఇంక దీనికోసం నువ్వు రానక్కర్లేదులే."

నిటారుగా నిలబడి గొళ్ళెం పెట్టి ఇంటికి నడిచింది.