గద్ద వాలిన చోటు

దూలయ్యకు గద్దంటే కిట్టదు. అయినా రోజూ దాని ముఖం చూడందే పొద్దు గడవదు. దమ్మపేట అవతల అడవి పలచబడి, గడ్డీ తుప్పలూ తప్ప ఏమీ లేని బీడు భూముల్లో అతను మేకలు కాస్తాడు. అక్కడి ఒంటి తుమ్మ మీద గోధుమరంగు పెద్ద గద్ద ఒకటి కాపురం పెట్టింది. మేక తప్పిపోతే దూలయ్య కాళ్లరిగేలా తిరగడు, తల పైకెత్తుతాడు. గద్ద చక్కర్లు కొడుతూ కిందికి దిగిందంటే అక్కడ ఏదో చచ్చి పడుందన్నమాటే. ఇన్నేళ్లలో అది తప్పింది లేదు. "పీనుగుల పెద్దమనిషి" అని దాన్ని తిట్టిపోస్తూనే వెళ్లి, మిగిలిన తోలు తెచ్చుకునేవాడు.

రెండువేల మూడు ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం అతను మందను ఇంటికి తోలుకొచ్చేసరికి, తునికాకు కోతకు పోయిన ఆడవాళ్లందరూ తిరిగొచ్చారు, అతని భార్య జంపక్క తప్ప. ఆమెకు మూర్ఛ ఉంది. వస్తే పక్కన మనిషి ఉండాలి.

"మీ చూలుమేక కనవడ్డదని దానెంట పోయింది మామా. వస్తదిలే అనుకున్నం," అంది పొరుగింటి కళావతి.

"ఒంటిదాన్ని ఇడిసిపెట్టి వచ్చిండ్రా!" అని అరిచి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. మందలో మేక తగ్గిందని అప్పటిదాకా అతనికి తెలియనే తెలియదు. తుప్ప తుప్పకూ ఆగి పిలిచాడు. గొంతు పోయింది గానీ జవాబు రాలేదు. తల ఎత్తొద్దు, ఎత్తొద్దు అనుకుంటూనే ఎత్తాడు. ఎండిన వాగు మీద గద్ద చక్కర్లు కొడుతోంది. ఒక్కో చుట్టుకూ కిందికి జారుతోంది.

"దిగకే! నీకు దండం పెడ్త, దిగకే!"

దిగింది.

అక్కడ ఏం చూడాల్సి వస్తుందోనని దూలయ్య కాళ్లు వెనక్కి లాగాయి. పోకపోతే ఆ ముక్కు ఏం చేస్తుందో తలచుకోగానే రాయి పట్టుకుని ఉరికాడు.

వాగు గట్టెక్కేసరికి ముందు గద్దే కనిపించింది. ఇసుకలో మెడ చాచి నిలబడింది. దాని ఎదురుగా, కొంగు బిగించి, మట్టిపెళ్లలు విసురుతూ జంపక్క. ఆమె వెనక అప్పుడే ఈనిన మేక, ఇంకా తడారని పిల్ల, పిల్లతో పాటు బయటికొచ్చి ఇసుకలో పడిన నెత్తుటి మాయ. గద్ద వచ్చింది ఆ మాయ కోసం.

"సూస్తవేందయ్యా? కొట్టు దాన్ని!"

అతని చేతిలో రాయి జారిపోయింది. ఉన్నచోటే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. జంపక్క బిత్తరపోయింది.

"మేక ఈనితే ఎవలన్న ఏడుస్తరా?"

"అవ్, ఏడుస్తరు," అన్నాడు దూలయ్య.

పిల్లను చంకన పెట్టుకుని, రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఊళ్లో అందరూ చూసి నవ్వుతున్నా ఇంటిదాకా వదల్లేదు.