ఇంకా మంచివి వస్తాయట

నాన్న విసిరిన స్టీలు గ్లాసు వచ్చి అన్నయ్య కనుబొమ మీద తగిలింది. చర్మం చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది. ఆ కన్ను మూసుకుని, రెండో కంటితో ఫోన్ చూస్తూ వాడు నాతో గుసగుసగా అన్న మాట ఇది: "వచ్చే మోడల్ హెడ్‌ఫోన్లు ఇంకా తేలికట. కొన్నాళ్ళు ఆగుదాం."

వాడి గొంతు పిసికెయ్యాలనిపించింది నాకు. పిసకలేదు. తువ్వాలు తడిపి కనుబొమకి అదిమిపెట్టాను, కావాలనే కాస్త గట్టిగా. నాకంటే పెద్దవాడే, కానీ కోపం వస్తే నా నోటికి 'వాడు' అనే వస్తుంది. ఈమధ్య కోపం రాని రోజంటూ లేదు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

మా అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. తోటి మెకానిక్కులు వాడికి 'ఆగుదాం' అని పేరు పెట్టారు. లిఫ్టులో ఇరుక్కుని లబోదిబోమంటున్నవాళ్ళకి బయటినుంచి చెప్పాల్సిన మొదటి మాట కూడా అదేనని, పేరు ఉద్యోగానికి అతికినట్టు సరిపోయిందని వాళ్ళ నవ్వులాట. పనిలో మాత్రం వాడు నిఖార్సైనవాడు. చేతికి గ్రీజు అంటకుండా ఏ పనీ వదలడు, పని పూర్తికాకుండా ఇంటికి రాడు. కొనాల్సి వచ్చినప్పుడే వాడితో చిక్కు. ఫ్రిజ్ కొందామంటే ఇంకా మంచిది వస్తుందని ఆగి, రెండు ఎండాకాలాలు పాలు విరగ్గొట్టుకున్నాడు. బూట్లు నోరు తెరిచినా, నచ్చిన రకం దొరికేదాకా వాటిని తాడుతో కట్టుకుని తిరిగాడు. ఒకమ్మాయిని ఇష్టపడ్డాడు. మంచి ఇల్లు దొరికాక అడుగుదామని ఆగాడు. ఆ అమ్మాయి ఆగలేదు. ఆమె పెళ్ళికి వెళ్ళి, కడుపునిండా తిని వచ్చి, "మంచివాడే దొరికాడు" అని మెచ్చుకున్నాడు కూడా. పిసినారి కాదు. తొందరపడి కొన్న వస్తువు ఇంట్లో ఉంటే వాడికి కంటిమీద కునుకు పట్టదు, అంతే.

ఇదంతా మాకు నవ్వులాటగానే ఉండేది, నాన్న తలమీద దుంగ పడేదాకా.

నాన్న కలప అడితీలో కోతమిషన్ నడిపేవాడు. లారీ మీదినుంచి దొర్లిన దుంగ ఎడమచెవి పైన తగిలి పుర్రె పగిలింది. అక్కడ లోహపు రేకు వేసి కుట్టారు. మనిషి బతికాడు. నడిచాడు, తిన్నాడు, మమ్మల్ని గుర్తుపట్టాడు. కానీ చప్పుడు పడదు. మనందరి మెదడూ అక్కర్లేని చప్పుళ్ళని వడకట్టేస్తుందట. ఆయన మెదడులో ఆ జల్లెడ చిరిగిపోయిందని డాక్టరు చెప్పాడు. గరిటె కిందపడితే చాలు, తల మీద మళ్ళీ దుంగ పడినట్టే ఉంటుందట ఆయనకి. అప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్ళని కొడతాడు. ఎదురుగా ఉండేది ఎప్పుడూ అమ్మే.

జీవితంలో మామీద చెయ్యెత్తని మనిషి. ఒకరోజు అమ్మ జుట్టు పట్టుకుని తలని గుమ్మానికేసి కొట్టాడు. కింద వీధిలో నీళ్ళ ట్యాంకర్ హారన్ కొట్టినందుకు! కాసేపటికి శాంతించి, ఆమె నుదుటి మీద బొప్పి చూసి, "ఎవడు కొట్టాడు నిన్ను? చెప్పు, నరికేస్తాను" అని బయటికి పరుగెత్తబోయాడు. "ఎవరూ కొట్టలేదు, తలుపు తగిలింది" అని అమ్మ ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇల్లంతా మూగదైపోయింది. కాలింగ్ బెల్ పీకేశాం. కుర్చీల కాళ్ళకి గుడ్డలు చుట్టాం. కుక్కర్ అటకెక్కింది. స్టీలు సామాన్లు కూడా అటకెక్కించాం, ఆ ఒక్క గ్లాసు మాత్రం ఎలా మిగిలిందో తెలియదు. కానీ ఎన్ని చేస్తే ఏం లాభం? మా ఇంటి కింది భాగం ఇనప గేట్లు చేసే షెడ్డు. అక్కడ కోతమిషన్ మొదలైతే మా గచ్చు వణుకుతుంది. ఇల్లు మారదామంటే అన్నయ్య ఏమన్నాడో మీకు చెప్పక్కర్లేదు.

క్లినిక్‌లో ఒకావిడ దారి చూపించింది. చెవులు మొత్తం మూసేసి, బయటి చప్పుడుని మింగేసే హెడ్‌ఫోన్లు నాన్న తలకి తగిలించింది. పక్కనే మిక్సీ ఆన్ చేసింది. మేం ముగ్గురం గోడకి అతుక్కుపోయాం. నాన్న ఆ మిక్సీ వైపు చూసి, ఆవలించి, కుర్చీలోనే నిద్రపోయాడు. అమ్మ మెల్లిగా వెళ్ళి పక్కన కూర్చుని ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఆ చేతికి దగ్గరగా వెళ్ళడానికి ఆమె భయపడని రోజు అదొక్కటే. గంట తర్వాత వాటిని తీస్తే, ఎడమచెవి పైన కుట్లమచ్చ మీద ఎర్రగా అచ్చు పడి ఉంది.

ఆ అచ్చునే పట్టుకుని వేలాడాడు మా అన్నయ్య.

"చూశావా, ఎలా నొక్కుకుపోయిందో? రేకు మీద బరువు పడితే నొప్పి పుట్టదూ? నొప్పి పుడితే పీకి విరగ్గొట్టేస్తాడు. మెత్తటివి వస్తున్నాయి. చెవి మీద ఉన్నట్టే తెలియదట."

చెవిలో దూర్చే చిన్నవాటిని నాన్న క్లినిక్‌లోనే పీకి పారేశాడు కాబట్టి, వాడి మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేకపోయాను. కొట్లో ఉన్నవి బరువు. మెత్తటివి వచ్చే నెల. వచ్చే నెల వచ్చింది, విడుదల వాయిదా పడింది. ఆ తర్వాత ఇంకో కంపెనీది వస్తోందన్నాడు. భోజనం చేస్తూ, బస్సులో నిలబడి, ఎప్పుడు చూసినా ఫోన్లో హెడ్‌ఫోన్ల పోలికలే. ఇంట్లో అమ్మ దెబ్బలు తింటూనే ఉంది.

పెళ్ళయ్యాక నేను అదే వీధిలో ఉంటూ ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే కొట్టు నడుపుతున్నాను. ఒకరోజు అమ్మని బలవంతంగా లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. తల తడిపి దువ్వెన పెడితే, చేతికి గడ్డలు తగిలాయి. ఒక గడ్డ పక్కన ఇంకో గడ్డ. చెవి వెనక అరచేతి మేర జుట్టే లేదు. కుదుళ్ళతో సహా ఊడొచ్చింది. మండుటెండలో కూడా పొడుగు చేతుల స్వెటర్ ఎందుకు వేసుకుంటోందో అప్పుడర్థమైంది. లాగి చూస్తే మోచేతినుంచి మణికట్టు దాకా నలుపూ పసుపూ.

"అన్నయ్యకి చెప్పకే" అంది అమ్మ అద్దంలోంచి. "వాడు కంగారుపడి ఏదో ఒకటి కొనేస్తాడు."

"కొంటాడా? వాడా?"

"మంచివే తెస్తాడులే. ఆలోచిస్తున్నాడు కదా పాపం."

కత్తెర బల్లమీద పడేసి బయటికొచ్చి నిలబడ్డాను. లోపలే ఉంటే అద్దం బద్దలు కొట్టేదాన్ని.

తర్వాతి సెలవురోజు మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంది. నాన్న లోపలిగదిలో పడుకున్నాడు. అన్నయ్యని వంటింట్లోకి లాక్కెళ్ళి, అమ్మ స్వెటర్ చెయ్యి పైకి లాగి చూపించాను. అమ్మ వద్దు వద్దంటూ పెనుగులాడుతోంది. ఇదంతా గుసగుసల్లోనే. తిట్టుకోవడం కూడా గుసగుసల్లో ఎలాగో మా ఇంట్లో చూసి నేర్చుకోవాలి.

"కళ్ళు పెట్టుకుని చూడు. నీ మెత్తటివి వచ్చేలోగా అమ్మ ఉండదు."

వాడు చూశాడు. చూసి, "ఈ పదిహేనో తారీకున కచ్చితంగా..." అంటూ ఫోన్ తియ్యబోయాడు.

ఫోన్ లాక్కుని వాడి చెంప ఛెళ్ళుమనిపించాను. వాడు నన్ను గోడకేసి తోశాడు. వాడి చొక్కా పట్టుకుని మళ్ళీ కొట్టాను. కనుబొమ మీది పాతగాయం పగిలి నా వేళ్ళకి రక్తం అంటింది. అప్పుడు అరిచాడు మా అన్నయ్య. గుసగుసగా కాదు, గొంతు చించుకుని.

"తెలుసే! నాకన్నీ తెలుసు! నన్నేం చెయ్యమంటావు!"

పుట్టి బుద్ధెరిగాక వాడు అంత గట్టిగా అరవడం నేను వినలేదు. నాన్న విన్నాడు.

గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చెక్కపీట. ముఖం చూస్తే నాన్నే, కళ్ళు మాత్రం కావు. రెండు అంగల్లో అన్నయ్య మీదికి వచ్చి పీట ఎత్తాడు. అన్నయ్య కదల్లేదు, కొట్టించుకోవడానికే నిలబడినట్టు నిలబడ్డాడు. మధ్యలోకి అమ్మ వచ్చింది. పీట అంచు ఆమె కుడిచెవి మీద పడింది. ఎముక మీద కర్ర పడితే వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో ఇక జన్మలో మర్చిపోను.

అమ్మ అరవలేదు. అరిస్తే ఆయన మళ్ళీ కొడతాడని అరవకపోవడం ఆమెకి అలవాటు. అలాగే కిందికి జారింది. చెవిలోంచి రక్తం వచ్చి మెడమీదుగా స్వెటర్‌లోకి కారింది. నాన్న మళ్ళీ పీట ఎత్తుతుంటే అన్నయ్య ఆయన నడుము వాటేసుకుని మీదపడ్డాడు. ఇద్దరూ గచ్చుమీద దొర్లారు. నాన్న వాడి భుజం కొరికి పట్టుకున్నాడు. కండ ఊడొస్తుందేమో అనుకున్నాను. వాడు నోరు గట్టిగా మూసుకుని, నాన్న రెండు చెవులనీ తన అరచేతులతో మూసి అలాగే పడుకున్నాడు. నేను అమ్మని చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాను.

నాన్నని మా ఆయనకి అప్పజెప్పి ఆసుపత్రికి వెళ్ళాం. కర్ణభేరే కాదు, లోపలి ఎముకలు కూడా చితికాయని, ఆ చెవి ఇక వినపడదని చెప్పారు. అన్నయ్య వరండాలో బెంచీమీద కూర్చున్నాడు. భుజం దగ్గర చొక్కా రక్తంతో అంటుకుపోయి ఉంది. ఎదురుగా నిలబడ్డాను.

"తెలుసన్నావుగా. తెలిసి కూడా ఎందుకాగావురా?"

రక్తంతో అంటుకున్న చొక్కాని భుజం నుంచి మెల్లిగా ఊడదీసుకున్నాడు.

"కొన్నాక అవి పనిచెయ్యకపోతే?" అన్నాడు. "క్లినిక్‌లో గంటసేపు పనిచేశాయి. ఇంట్లో? విరగ్గొట్టేస్తే? అప్పుడిక మన చేతిలో ఏం మిగులుతుంది? నాన్నని మంచానికి కట్టెయ్యాలి. లేదా ఎక్కడో పడేసి రావాలి. కొననంత వరకూ ఇంకో దారి ఉంది కదా అనుకుంటూ ఉండొచ్చు. అందుకే ఆగాను."

మధ్యాహ్నం వాడిని చంపెయ్యాలనుకున్న నేను వాడి తల పట్టుకుని వలవలా ఏడ్చాను. కోపం మాత్రం పోలేదు. ఇవాళ్టికీ పోలేదు.

వాడు అక్కడినుంచే లేచి వెళ్ళాడు. ఏ పోలికా చూడలేదు, ఎవరినీ అడగలేదు. కొట్లో ఉన్నవి, ఆ బరువువే, కొనుక్కొచ్చాడు. నేను మా కొట్లో ముఖానికి పౌడరు అద్దే స్పాంజి ఒకటి తెచ్చి, ముక్క కోసి, ఎడమవైపు లోపల అంటించాను. పెట్టిచూస్తే అచ్చు పడలేదు. ఇన్నాళ్ళూ వాడు ఎదురుచూసిన మెత్తదనం అదే. కత్తెరతో కొయ్యడానికి నిమిషం పట్టలేదు. మా ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలంటే సిగ్గేసింది.

అమ్మ ఇంటికొచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాన్న మంచం మీద కూర్చున్నాడు. కింద షెడ్డులో ఇనుము కోస్తున్నారు, గచ్చు వణుకుతోంది, ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. చెవికి కట్టుతో అమ్మ మంచం పక్కనే నేలమీద కూర్చుని దుప్పటి మడతపెడుతోంది. వినపడని కుడిచెవి నాన్న వైపు ఉంది.

నాన్న ఆమె వైపు తిరిగాడు.

"తిన్నావా?" అని అడిగాడు.

దెబ్బ తగలకముందు అడితీ నుంచి రాగానే అడిగే గొంతు అది. అన్నయ్యా నేనూ ఉలిక్కిపడ్డాం. అమ్మ దుప్పటి అంచులు కలుపుతూనే ఉంది. నాన్న కాసేపు చూశాడు.

"కోపమొచ్చిందా నామీద?" అన్నాడు, ఇంకా మెల్లిగా.

అన్నయ్య వెళ్ళి అమ్మ ఎడమవైపు కూర్చున్నాడు. "అమ్మా, నాన్న అడుగుతున్నాడు. తిన్నావా అని."

అమ్మ చేతులు ఆగిపోయాయి. నాన్న వైపు తిరిగి, "తిన్నాను" అంది. ఆయనకి వినపడలేదు. అలాగే ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఆమె చెయ్యి హెడ్‌ఫోన్ల దాకా వెళ్ళింది. కింద మిషన్ ఇనుము మీద కీచుమంది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"తిన్నానని చెప్పరా" అంది అన్నయ్యతో.

అన్నయ్య నాన్న ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఐదువేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టి, తిందన్నట్టు తలూపాడు. నాన్న కూడా తలూపాడు. ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు అన్నయ్య అమ్మ వైపు చూశాడు. అమ్మ ఏమీ లేదంది. మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది.