ఏడో ఇంటి గోడ

మా చాచా పోయారన్న కబురు నాకు క్యాసెట్టులో వచ్చింది. సెలవు మీద ఊరికెళ్ళి తిరిగొచ్చిన ఒకతను తెచ్చిచ్చాడు. వానల సంగతో, పెళ్ళిళ్ళ సంగతో ఉంటుందనుకుని దోహాలో మా కూలీల క్యాంపులో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. చాచా కొడుకు గొంతు వినిపించింది.

"కాకా, అబ్బ పోయిండు. వారం రోజులు మంచంల పడ్డడు, అంతే. నీకోసం అబ్బ మాట్లాడి పెట్టింది రెండో దిక్కు ఉన్నది. విను."

ఆ రెండో వైపు తిప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

చాచా నాకు చుట్టం కాదు, దోహాలో మా మేస్త్రి. మా జిల్లాలోని ఒక చిన్న పట్నం ఆయనది. ఇంట్లో ఉర్దూ, మాతో మా తెలుగే. తాతల నాటి నుంచి సున్నం గచ్చు పని చేసిన కుటుంబం. అందుకే కంపెనీ ఆయన్ని ఏరి మరీ ఒక పాత ఇళ్ళ వరస బాగుచేసే పని మీద పెట్టింది.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేట దగ్గర ఆ వరస ఉంది. ఈ దేశంలో చమురు పడ్డ తొలిరోజుల్లో కూలీల కోసం కట్టిన పన్నెండు ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. సముద్రపు రాయి, పైన సున్నపు పూత, కప్పుకు అడ్డకర్రలూ ఈత చాపలూ. ఒక గది, ముందు వసారా, అంతే. చమురు ధర పెరిగి చుట్టూ అంతా కూల్చి మేడలు లేపుతుంటే, దీన్ని మాత్రం ముట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు బాగుచేయండి అని సర్కారు చెప్పింది.

ఖాళీ ఇళ్ళే అయినా చాచా గడప బయట చెప్పులు విడిచేవారు. ప్రతి వసారా గోడకూ, మనిషి కూర్చుంటే వీపు ఆనే ఎత్తులో, నున్నగా నల్లబడ్డ పట్టీ ఉండేది. మొదటి రోజే నన్ను అక్కడ కూర్చోబెట్టారు.

"డ్యూటీ చేసొచ్చి ఒరిగిన వీపులు బిడ్డా ఇవి. తలుపులు, కిటికీలు మల్ల చేసుకోవచ్చు. ఇది పోతే మాఫీ, మల్ల రాదు."

గోడ ఆరిందో లేదో చూడ్డానికి ఆయన అరచెయ్యి వాడేవారు కాదు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు చేతి వెనక పక్క ఆనించేవారు. ఒక పూత ఆరితేనే ఇంకో పూత. సిమెంటును ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. "రాయి ఊపిరి తీస్తది రా. సిమెంటు పెడితే దాని ముక్కు మూసినట్టే. లోపటి ఉప్పు గోడనే తింటది," అనేవారు.

నాకు సిమెంటు పనే వచ్చు. ఆలస్యం అమృతం విషం అని నమ్మిన వాణ్ణి. చాచా నిదానం చూస్తే ఒళ్ళు మండేది.

ఒకసారి ఆయనకు జ్వరమొచ్చి నాలుగు రోజులు క్యాంపులో పడుకున్నారు. ఏడో ఇంటి వసారా గోడ ముట్టొద్దని చెప్పి మరీ పడుకున్నారు. ఆఫీసరు చూడ్డానికొస్తాడని ఫోర్‌మన్ యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. పనిమంతుణ్ణని అనిపించుకోవాలని నాకు. రెండు పూటల్లో గోడంతా సిమెంటు కొట్టి, పైన సున్నం పూసేశాను. నల్లటి పట్టీ కూడా కిందికి పోయింది. ఆఫీసరు చూసి తలూపాడు. ఫోర్‌మన్ నా భుజం తట్టాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఉక్కపోత కాలం వచ్చేసరికి గోడ పొంగింది. ఒక పొద్దున పెచ్చు మొత్తం రాతి చెక్కలతో సహా ఊడి పడింది. ఇంజనీరు వచ్చి, ఎవరి పని ఇది అని హిందీలో అడిగాడు. చాచా కిందపడ్డ ముక్క తీసి గోటితో గీకారు. సున్నమైతే గీత పడేది, పడలేదు. తలెత్తి నా వైపు చూశారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"మేరే హాథ్ కే నీచే హువా సాబ్," అన్నారాయన. నా చేతి కింద జరిగింది, అన్నారు.

ఆయన్ని ఆ వరస మీద నుంచి తీసేసి, అల్ ముంతజాలో కొత్త మేడకు కాంక్రీటు పనికి పంపారు. సున్నంలో పుట్టి పెరిగిన మనిషిని. ఏడాది తిరక్కుండా ఊరెళ్ళిపోయారు. ఆయన జాగాలో మేస్త్రిని నేనే. సిమెంటు చెక్కేసి, ఆయన నేర్పిన పద్ధతిలోనే మళ్ళీ సున్నం పెట్టాను. ఆ పట్టీ మాత్రం రాలేదు. సెలవుకెళ్ళిన రెండుసార్లూ వాళ్ళ పట్నం మీదుగా బస్సులో పోయి కూడా దిగలేదు. కూర్చోబెట్టి చాయ్ పోస్తారు. అది తాగే మొహం నాకు లేదు.

అయినా ఆయన క్యాసెట్లు పంపడం మానలేదు. క్యాసెట్టులో మాట్లాడటం ఆయనకు చివరిదాకా రాలేదు. ఏదైనా అడిగి, ఎదురుగా ఉన్నట్టు జవాబు కోసం ఆగేవారు. ఆగి, విన్నట్టే "ఆఁ, మంచిది" అని ఇంకో సంగతికి పోయేవారు. క్యాంపులో అందరం నవ్వేవాళ్ళం.

ఇప్పుడైనా అడిగేస్తారేమో, ఎందుకు చేసినవ్ రా అంటారేమోనని మూడు రోజులు భయపడ్డాను. నాలుగో రోజు శుక్రవారం, గదిలో ఎవరూ లేనప్పుడు తిప్పాను. గొంతు బాగా సన్నబడింది. మా ఆవిడ ఎట్లుందన్నారు, ఆగారు. పిల్లలు చదువుతున్నారా అన్నారు, ఆగారు. తర్వాత దగ్గొచ్చింది.

"ఏడో ఇంటి గోడ ఎట్లుంది బిడ్డా? మంచిగ ఆరిందా?"

టేపు తిరుగుతోంది. ఆయన ఊపిరి వినిపిస్తోంది. వెనకాల ఎక్కడో కోడి అరిచింది. అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగారు అక్కడ.

"చాచా, ఆ గోడ చెడగొట్టింది నేనే," అన్నాను పైకే.

"ఆఁ, మంచిది," అన్నారు చాచా.