చర్చి హాల్లో దీవెనమ్మ

దీవెనమ్మ అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. తెల్లవారకముందే పోయి ఉప్మాకు ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెడితే మధ్యాహ్నం అన్నం గిన్నెలు కడిగేదాకా నిలబడే ఉండాలి. రాత్రి వంటకు వేరే ఆమె వచ్చేది. అందుకని సాయంత్రాలు దీవెనమ్మవి. చిక్కడపల్లి వెనక బస్తీలో కిరాయి గది. ఆ గదిలో గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకోవడమే సాయంత్రం ఆమె చేసే పని.

వాళ్ళది పాలమూరు జిల్లా, మక్తల్ దిక్కు. మొగుడు ఆశన్న, తనూ బిల్డింగు పనికని పట్నం వచ్చారు. హిమాయత్‌నగర్‌లో ఒక బిల్డింగు గోడలకు సిమెంటు పూసే గిలాబు పని చేస్తూ ఆశన్న పైనుంచి జారి పడి చనిపోయాడు. అప్పుడు కొడుకు ఎల్లేష్ తొమ్మిదో తరగతి. నెల తిరక్కుండానే పుస్తకాల సంచి కొక్కేనికి తగిలించి సెంట్రింగు పనికి పోయాడు. పొమ్మని దీవెనమ్మ అనలేదు. వద్దని కూడా అనలేదు.

ఆమె పోయే చర్చి చిక్కడపల్లిలోనే, ఒక సందులో. కింద ఆరాధన జరిగే గది, పైన చిన్న హాలు. ఏటా పెంతెకొస్తుకు, అంటే యేసు శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగిన పండుగకు, బయటినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చేవాడు, మైకులు పెట్టేవారు, అందరికీ ప్రేమవిందు ఉండేది. 2012లో మాత్రం పాస్టరు ప్రేమ్‌సాగర్ అయ్యగారు ఒక మాట అన్నారు.

“పెంతెకొస్తు రోజు ధైర్యం ఎవరికొచ్చింది? తలుపులు వేసుకొని బిక్కుబిక్కుమంటున్న శిష్యులకి. మన సంఘంలో ఇప్పుడు అట్లా ఉన్నదెవరు? ఊళ్ళు విడిచి వచ్చి హాస్టళ్ళలో పరీక్షలకు చదువుతున్న ఈ పిల్లలు. ఈసారి పండుగ వాళ్ళ కోసం చేద్దాం. ఏం కావాలో వాళ్ళనే అడుగుదాం.”

కొందరు యూత్ క్యాంపు అన్నారు, కొందరు టీషర్టులన్నారు. అన్నవాళ్ళంతా పెద్దవాళ్ళే. చివరికి మంజుల లేచింది. వనపర్తి పక్క పల్లె పిల్ల, డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుతోంది. దీవెనమ్మ వంట చేసే హాస్టల్లోనే ఉంటుంది.

“క్యాంపు వద్దు అయ్యగారూ. కూసొని చదువుకునే జాగ కావాలె. రూముల ఆరుగురం ఉంటం. లైబ్రరీల పొద్దుగాల్నే కుర్చీలు నిండుతయి. కరెంటు పోతే మెట్ల మీద కూసుంటం. పైన హాలు సాయంత్రాలు ఖాళీగనే ఉంటది గద.”

సంఘపెద్ద జగదీశ్వర్ గారు గొంతు సవరించుకున్నారు. ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి, మాట కచ్చితం. “హాలు ఇయ్యొచ్చు. కాని ఆడపిల్లలు, మగపిల్లలు ఒక్కకాడ. ఏమన్న అయితే జవాబు ఎవరు చెప్తరు? రోజూ ఒక పెద్దమనిషి కూసోవాలె. ఎవరు కూసుంటరో చెప్పుండ్రి.”

ఎవరూ ముందుకు రాలేదు. మంజుల ఒక్కొక్కరి మొహం చూస్తూ వచ్చింది. వెనక గోడ దగ్గర కూర్చున్న దీవెనమ్మ దిక్కు మాత్రం చూడలేదు. తెల్లారగట్ట వంటింట్లో ఆమె ఎట్లా నిలబడుతుందో ఆ పిల్లకు తెలుసు. చూసి ఉంటే దీవెనమ్మ తల దించుకునేదేమో. చూడకపోయేసరికి ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది.

“నేను కూసుంట అయ్యగారూ,” అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే భయమేసింది. అప్పటికే అందరూ ఆమెన్ అన్నారు.

ఇక రోజూ హాస్టలు నుంచి ఇంటికి పోయి ముఖం కడుక్కొని సాయంత్రం హాలుకు వచ్చేది. తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఆమెది. మొదట్లో ఏడెనిమిది మంది వచ్చేవారు. తర్వాత ముషీరాబాద్ నుంచి, నారాయణగూడ నుంచి కూడా వచ్చారు. అందరూ చర్చివాళ్ళు కాదు. అయ్యగారు అడగలేదు, దీవెనమ్మా అడగలేదు. వాళ్ళు పెదవులు కదిలిస్తూ చదువుతుంటే ఆమెకు నిద్ర ముంచుకొచ్చేది. కుర్చీ జరిగిన చప్పుడైతే ఉలిక్కిపడి లేచి, అందరినీ ఒకసారి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకునేది. తెలంగాణ కోసం బంద్‌లు, ర్యాలీలు జరిగిన రోజుల్లో దుకాణాల షట్టర్లు దిగేవి, పోలీసులు రోడ్డు మీద నిలబడేవాళ్ళు. ఆమె సందుల్లోంచి నడిచి వచ్చి హాలు తెరిచేది.

ఒకరోజు ఆమె ఇంటికి వచ్చేసరికి ఎల్లేష్ గడప మీద కూర్చొని ఉన్నాడు. చేతులకు సిమెంటు ఎండిపోయి ఉంది.

“ఇంక బువ్వ వండలేదా అమ్మా?”

“హాల్ల కూసొని వస్తున్న బిడ్డా. జర ఆగు.”

“ఎవరికోసం కూసున్నవ్?”

“సదువుకునే పిల్లలకోసం.”

ఎల్లేష్ బకెట్లో చేతులు ముంచి కడుక్కున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. “నేను సదువుకున్నప్పుడు నా పక్కపొంటి కూసున్నవా, ఒక్కనాడన్న?”

ఆ రోజుల్లో ఆమె పగటి పని అయ్యాక రెండిళ్ళలో గిన్నెలు తోమేది. ఆ సంగతి చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. పొయ్యి ముట్టించి బియ్యం కడిగింది. వాడికి వడ్డించి తను తినకుండానే పడుకుంది.

మర్నాడు హాలుకు పోవద్దనుకుంది. ఇంట్లోనే కూర్చొని వాడికి పొద్దుగూకేసరికి వేడి అన్నం పెడదామనుకుంది. పెట్టినా వాడి తొమ్మిదో తరగతి తిరిగి రాదు కదా అనిపించింది. పొద్దుండగానే అన్నం వండి మూతపెట్టి, కాళ్ళీడ్చుకుంటూ హాలుకు నడిచింది. తల్లీకొడుకులు ఆ మాట మళ్ళీ ఎత్తుకోలేదు. అది మాత్రం ఆ గదిలో వాళ్ళిద్దరి మధ్యనే ఉండిపోయింది.

చలికాలంలో దీవెనమ్మ కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టలేదు. నిలబడొద్దు, నడవొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. హాస్టలు పని మానితే గడవదు కాబట్టి హాలు మానింది. రెండో రోజుకే జగదీశ్వర్ గారు హాలుకు తాళం వేశారు.

ఆ ఆదివారం మంజుల బత్తాయిలు పట్టుకొని దీవెనమ్మను చూడ్డానికి వచ్చింది. ఎల్లేష్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. కాసేపు కాళ్ళ గురించి మాట్లాడి, మంజుల వాడి వైపు తిరిగింది.

“అన్నా, నువ్వు కూసోరాదూ?”

ఎల్లేష్ నవ్వాడు. “నేనా? నాకేం తెలుసని?”

“ఏం తెల్వకపోయినా నడుస్తది. ఆంటీకి గూడ తెల్వది. కూసొని నిద్రపోతది.”

దీవెనమ్మకు కూడా నవ్వొచ్చింది. ఎల్లేష్ మళ్ళీ నవ్వలేదు. తల్లి కాళ్ళ వైపు చూశాడు. “రెండు రోజులే,” అన్నాడు.

జగదీశ్వర్ గారు ఒప్పుకోలేదు. “ఆ పిలగాడు ఆరాధనకు రాడు. బాప్తిస్మం లేదు. నోట్లె ఎప్పుడు గుట్కానే. గసొంటోన్ని పెద్దమనిషంటరా?” అని అయ్యగారి దగ్గర పంచాయితీ పెట్టారు.

అయ్యగారు నింపాదిగా అన్నారు. “రోజూ కూర్చునే మనిషి కావాలన్నారు మీరు. కూర్చునే మనిషి వచ్చాడు.”

జగదీశ్వర్ గారు తాళంచెవి ఇచ్చారు గాని, వారంపాటు తానూ వచ్చి హాలు ఆ చివర పేపరు చదువుతూ కూర్చున్నారు. ఈ చివర ఎల్లేష్. వారం తర్వాత ఆయన రావడం మానేశారు.

రెండు రోజులన్నది ఎండాకాలం వచ్చినా ఆగలేదు. పనినుంచి వచ్చి, స్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకొని పోయేవాడు. నోట్లో గుట్కా ఉంటే చర్చి గేటు బయటే ఉమ్మేసేవాడు. ఇంటికొచ్చాక హాలు ముచ్చట్లేవీ చెప్పేవాడు కాదు. ఒకసారి మాత్రం అన్నం తింటూ అడిగాడు.

“అమ్మా, రాజ్యాంగం అంటే ఏంది? దినాం అదే సదువుతరు.”

“నాకేం ఎరుక బిడ్డా. వాళ్ళనే అడగకపోయినవా?”

“నేనెట్ల అడుగుత?” అని వాడు చెయ్యి కడుక్కున్నాడు.

2013 పెంతెకొస్తు మే నెల మండుటెండల్లో వచ్చింది. ఆ రోజు ఆరాధన మధ్యలో అయ్యగారు యవ్వనస్థులందరినీ ముందుకు రమ్మన్నారు. పెద్దలు వాళ్ళ తలల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారన్నారు. దీవెనమ్మకు మొదటి వరసలో కుర్చీ వేశారు. ఆమె కూడా చెయ్యి ఉంచాలని మంజుల, మిగతా పిల్లలు పట్టుబట్టారు. కాళ్ళ వాపు కొంత తీసింది గాని ఒంట్లో శక్తి లేదు. పొద్దున హాస్టల్లో వంట చేసే వచ్చింది.

ఎల్లేష్ వాకిట్లో ఉన్నాడు. విందు వండిన పెద్ద దేగిశాలు పొయ్యి మీంచి దించడానికి మనుషులు తక్కువైతే సాయానికి పిలిచారు. మంజుల బయటికి వెళ్ళి, కొద్దిసేపటికి ఒక్కతే తిరిగొచ్చింది. దీవెనమ్మ దగ్గర వంగి చెవిలో చెప్పింది.

“రానంటున్నడు ఆంటీ. నేను యూత్ గాదు, లేబర్‌ను అంటున్నడు.”

ముందు నిలబడ్డ పిల్లలంతా అప్పటికే మోకాళ్ళూనారు. కొందరు ఎల్లేష్ కన్నా పెద్దవాళ్ళే. దీవెనమ్మ వాళ్ళను చూసింది. కుర్చీ చేతులు పట్టుకొని లేచి, గోడ పట్టుకుంటూ వాకిట్లోకి నడిచింది. వెనక అయ్యగారు ఒక్క క్షణం ఆగి, ప్రార్థన మొదలుపెట్టారు.

ఎల్లేష్ పొయ్యి పక్కన నీడలో గోనెసంచి వేసుకొని కూర్చున్నాడు. పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి. “ఎందుకొచ్చినవమ్మా? లోపలికి పో. నీకోసం కుర్చీ ఏసిండ్రట గద.”

“కాళ్ళు గుంజుతున్నయి. ఈడ్నే కూసుంట.”

“ఎండ ఉన్నది.”

“ఉండనీ.”

వాడు జరిగి గోనెసంచి మీద చోటిచ్చాడు. లోపలినుంచి అందరి గొంతులూ ఒక్కసారిగా వినపడ్డాయి. దీవెనమ్మ కొడుకు తల మీద చెయ్యి పెట్టింది. ఏమని ప్రార్థించాలో ఆమెకు తోచలేదు. పెళుసుబారిన వెంట్రుకల మధ్య సిమెంటు గరుకు వేళ్ళకు తగిలింది. వాడు తల పక్కకు తీసుకోలేదు. చాలాసేపటికి, “దేగిశా దించాలె,” అని మెల్లగా లేచాడు.

తర్వాత ఏడాది మంజులకు వీఆర్వో ఉద్యోగం వచ్చి సొంత జిల్లాకు వెళ్ళిపోయింది. హాల్లో చదివిన చాలామందికి ఏ ఉద్యోగమూ రాలేదు. నోటిఫికేషన్ల కోసం చూసి చూసి కొందరు ఊళ్ళకు పోయారు, కొందరు కోఠిలో దుకాణాల్లో కుదిరారు. ఎల్లేష్ బాప్తిస్మం తీసుకోలేదు, చదువు జోలికీ పోలేదు. పని లేటయిన రోజు జగదీశ్వర్ గారికి ఫోన్ చేసి, “పెద్దయ్యా, ఇయ్యాల జర మీరు తెరువుండ్రి,” అని చెప్పేవాడు. ఆయన తెరిచేవారు.

దీవెనమ్మ కాళ్ళ వాపు పూర్తిగా ఎన్నడూ తగ్గలేదు. సాయంత్రం గోడకు ఆనుకొని కూర్చుంటే, హాలుకు పోయేముందు ఎల్లేష్ ఆమె కాళ్ళ కింద దిండు పెట్టి పోయేవాడు.