మళ్లీ ఆయనే

పార్టీ ప్రతిపక్షంలో పడ్డప్పటి నుంచి గుర్వయ్య ఒకచోట కుదురుగా కూర్చోలేడు. చాయ్ కూడా నిలబడే తాగుతాడు, కండువాను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారుస్తూ. రెండు ఎన్నికలు పోగొట్టిన నాయకుణ్నే పార్టీ మళ్లీ అధ్యక్షుడిగా ఉంచిందని తెలియగానే షాద్‌నగర్ నుంచి లడ్డూలు తెచ్చి ఊరంతా పంచాడు. తనకు కావలసిన జడ్పీటీసీ టికెట్ ఆ నాయకుడి చేతిలో ఉంది. ఓట్లు మాత్రం జానమ్మలాంటి వాళ్ల చేతిలో ఉన్నాయి. మేకలు తోలుకెళ్తున్న జానమ్మ లడ్డూ కొరికి, “మల్ల గాయన్నేనా? ఓడినంక ఒక్కపారన్న మొకం జూపిచ్చిండా? నువ్వంటే పానమే గని, గాయన ఫోటో పట్టుకొని మా వాడకు రాకు బిడ్డా!” అని గట్టిగా అరిచింది. అంతలో నాయకుడి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. “జనం ఏమంటున్నరు, గుర్వయ్యా?” నోరు మెదపొద్దని జానమ్మకు చేత్తో సైగ చేస్తూ, “మస్తు ఖుషీగున్నరన్నా” అన్నాడు గుర్వయ్య.